సంతకం చేసేవాళ్లు లేక ఆగిపోయిన ట్రస్టు: కర్నూలులో మా అనుభవం

మా ట్రస్టు ఖాతాలో పదకొండు లక్షల పైచిలుకు డబ్బు ఉంది. ఆ ట్రస్టు కాపాడవలసిన ఇంటి మిద్దె కారుతోంది. అయినా మూడేళ్లకు పైగా ఆ డబ్బులోంచి ఒక్క రూపాయి తీసి కప్పు మీద పెట్టలేకపోయాం. ఎవరూ డబ్బు తినలేదు, ఎవరూ అడ్డుపడలేదు. చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉన్న మనిషి మిగలలేదు, అంతే. ఆ స్థితి నుంచి 2025 సెప్టెంబరు నాటికి ఎలా బయటపడ్డామో వరుసగా రాస్తున్నాను. ఇలాంటి ట్రస్టుల బాధ్యత అనుకోకుండా నెత్తిన పడ్డవాళ్లకు ఉపయోగపడుతుందని నా ఆశ.

2023 జూన్ చివరి వారంలో అక్క ఫోను చేసింది. అక్క అంటే మా ట్రస్టు పూర్వ అధ్యక్షుడి భార్య. ఆయనా నేనూ ఒకే కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పాం. "ముందు హాల్లో మిద్దె పెచ్చు ఊడి పడిందమ్మా. లోపల దంతె కనిపిస్తోంది. ఒకసారి వచ్చి చూస్తావా?" అంది. ఆ సాయంత్రమే వెళ్లాను. నేల మీద బుట్టెడు సున్నం, మట్టి. పైన చెయ్యి పట్టేంత కన్నం. కప్పును మోసే ఆ చెక్క దంతె ఒక చివర నల్లగా నాని ఉంది. వేలుతో నొక్కితే పొడి రాలింది.

ఆ ఇంటి సంగతి రెండు మాటల్లో చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఊళ్లో ప్రభుత్వానికి సరిపడా భవనాలు లేవు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఉన్న పెద్ద ఇళ్లు అద్దెకు తీసుకున్నారు. అలా ఒక మంత్రిగారి అధికార నివాసమైన ఇల్లు ఇది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయాక ఇల్లు మళ్లీ సొంతదారుల చేతికి వచ్చింది. ఆ కుటుంబ పెద్ద 1978లో దాన్ని పబ్లిక్ ట్రస్టుకు రాసిచ్చారు. ఆనాటి రాతబల్ల, ఫైళ్లు పెట్టిన టేకు బీరువా, అర్జీలు పట్టుకొచ్చిన జనం కూర్చున్న నాపరాతి అరుగులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మా ఊరు రాజధానిగా ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్ల ఆనవాళ్లు ఊళ్లో ఎన్ని మిగిలాయో వెతుక్కోవాలి. అందుకే ఈ ఇల్లంటే నాకు ప్రాణం.

అధ్యక్షుడు 2020 ఆగస్టులో కోవిడ్‌తో పోయారు. కోశాధికారి 2021 మేలో పోయారు. చెక్కుల మీద సంతకాలు చేసేది వాళ్లిద్దరే. ఆ తర్వాత ఇంటిపన్ను, కరెంటు బిల్లు, వాచ్‌మన్ తాత జీతం అక్క తన పెన్షన్‌లోంచి కడుతూ వచ్చింది. రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది. ఆ డబ్బా నా ముందు పెట్టి, "తిరిగి ఇమ్మని కాదు, లెక్క ఉండాలని" అంది. నాకు మాట రాలేదు.

మర్నాడే బ్యాంకుకు వెళ్లాను. మా బ్యాంకు పేరు రాయను. మేనేజరుగారు మర్యాదగానే మాట్లాడారు. "డబ్బు మీ ట్రస్టుదే మేడమ్, అనుమానం లేదు. కానీ ఇప్పుడు ట్రస్టు అంటే ఎవరు? అది కాగితం మీద చూపించండి" అన్నారు. రెండేళ్లకు పైగా ఖాతాదారు వైపు నుంచి లావాదేవీ ఏదీ లేదు కాబట్టి సేవింగ్స్ ఖాతా నిర్వహణలో లేని ఖాతాల కిందికి వెళ్లిపోయింది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు వాటంతట అవే రెన్యూ అవుతున్నాయి. వడ్డీ మీద టీడీఎస్ పేరుతో ముందే పన్ను కోసి ప్రభుత్వానికి కడుతున్నారు. రిటర్ను వేసేవాళ్లు లేరు కాబట్టి ఆ కోత తిరిగి రాలేదు. ఏటా ఆరేడు వేలు. పెద్ద మొత్తం కాకపోయినా వాచ్‌మన్ తాతకు అది ఒక నెల జీతం.

మేనేజరుగారు రాసిచ్చిన చీటీలో మొదటిది ట్రస్టు డీడు. అది మా దగ్గర లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు ఆ ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. బీరువా కింది అరలోని కాగితాలు ముద్దయ్యాయి. మిగిలిన ఒక ఫొటోస్టాటులో చివరి రెండు పేజీలు లేవు. ఖాళీలు ఎలా నింపాలో, సమావేశానికి ఎందరు ఉండాలో రాసి ఉన్నది ఆ రెండు పేజీల్లోనే.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాం. ఏ సంవత్సరమో తెలుసు, దస్తావేజు నంబరు తెలియదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. స్థిరాస్తితో సంబంధం ఉన్న దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి నకలు ఎవరు అడిగినా ఇస్తారు. స్థిరాస్తి ప్రస్తావన లేనివి నాలుగో పుస్తకంలోకి వెళ్తాయి. వాటి నకలు రాసిన వాళ్లకో, ఆ దస్తావేజు కింద హక్కు ఉన్నవాళ్లకో, వాళ్ల ప్రతినిధులకో తప్ప ఇవ్వరు. మా డీడులోనే ఇల్లు దఖలు పరిచారు కాబట్టి అది ఒకటో పుస్తకంలో ఉంది. డీడు ఒకటి, ఆస్తి బదిలీ వేరొకటిగా రాసుకున్న ట్రస్టులకు ఈ దశలోనే చిక్కు వస్తుంది. మాకు దాత పేరు మీద పాత ఇండెక్సులు వెతికించడానికి మూడు వారాలు పట్టింది. ఖర్చు కొన్ని వందలే.

నకలు చేతికొచ్చిన రాత్రి దాన్ని ఎన్నిసార్లు చదివానో. చేతిరాతలో పదకొండు పేజీలు. ట్రస్టీలు ఏడుగురు, జీవితకాలం. ఖాళీ వస్తే మిగిలినవాళ్లు తీర్మానంతో కొత్తవారిని తీసుకోవాలి. సమావేశానికి కనీసం ముగ్గురు స్వయంగా హాజరు కావాలి. నోటీసు పదిహేను రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి. సమావేశం ట్రస్టు గృహంలోనే జరగాలి. కొత్త ట్రస్టీ కర్నూలు జిల్లా వాస్తవ్యుడై ఉండాలి. ఇల్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రూపం మార్చకూడదు. దాత ఎంత దూరం ఆలోచించారో చదువుతుంటే తెలిసింది. మనిషి ఆయుష్షు గురించి మాత్రం ఆయన ధీమాగా ఉన్నారు. జీవితకాలం అన్న మాట వల్లనే ఏడుగురూ ఒకేసారి ముసలివాళ్లయ్యారు.

మిగిలింది ఎందరు? 2017లో ఒకరు పోయారు, ఆ ఖాళీ నింపలేదు. ఒకాయన 2015లో రాజీనామా లేఖ ఇచ్చారని అందరూ అంటారు కానీ మినిట్స్ పుస్తకంలో దాన్ని ఆమోదించినట్టు లేదు. అధ్యక్షుడు, కోశాధికారి లేరు. నిక్కచ్చిగా మిగిలింది ముగ్గురు. ఊళ్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, ఒక డాక్టరమ్మ, బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్న ఇంజనీరుగారు. ఇంజనీరుగారికి ఎనభై నాలుగేళ్లు, గుండెకు రెండు స్టెంట్లు.

అక్టోబరులో లాయరుగారిని కలిశాం. ఆయన కాపీ అంతా చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ముగ్గురు ఉన్నారు కాబట్టి ఇది ఇంకా మీ చేతిలో ఉంది. ముగ్గురిలో ఒక్కరు తగ్గినా చెల్లే సమావేశం జరపలేరు. అప్పుడు కొత్తవాళ్లను తీసుకునే దారే మూసుకుపోతుంది. బయటి అధికారం ఏదో కలగజేసుకుని తీర్చాలి, దానికి ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను" అన్నారు. ఫోనులో, వీడియోలో కూర్చోవచ్చా అని అడిగాం. డీడులో స్వయంగా అని ఉంది, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మొత్తం కొట్టుకుపోతుంది, ఆ పని చేయవద్దన్నారు. రాజీనామా చేశారన్న ఆయనకు కూడా నోటీసు పంపమన్నారు. ఆ సలహా బంగారంలాంటిది. ఆయన దానికి జవాబు రాస్తూ, తాను 2015లోనే తప్పుకున్నానని, ఇకపైనా కొనసాగనని సంతకం చేసి పంపారు. ఆ ఒక్క కాగితం లేకపోతే తర్వాత బ్యాంకు దగ్గరే ఆగిపోయేవాళ్లం.

ఇంజనీరుగారి కొడుకును ఒప్పించడానికి డిసెంబరంతా పట్టింది. తప్పు ఆయనది కాదు. ఎనభై నాలుగేళ్ల తండ్రిని మూడు వందల యాభై కిలోమీటర్లకు పైగా కారులో తీసుకురమ్మని అడుగుతున్నాం. "అక్కడికొచ్చి సంతకమే కదా పెట్టాలి, ఇక్కడే పెట్టి పంపిస్తే ఏమవుతుంది?" అని అడిగారు. డీడు చదివి వినిపించాను. వెనుక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "పండగ వెళ్లాక పోదాంరా. నేను పోయేలోపు పోవాలి కదా" అన్నారు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నోటీసులు 2024 జనవరి 29న పంపాం. పోస్టు రసీదులు, వాపసు వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు మినిట్స్ పుస్తకంలోనే అంటించాం. సమావేశం ఫిబ్రవరి 18, ఆదివారం. ఈలోగా కొత్తగా ఎవరిని తీసుకోవాలన్న చర్చ. ఇక్కడ మేం ఊహించని చిక్కు వచ్చింది. నంద్యాలలో ఉండే ఒక చరిత్ర పరిశోధకురాలిని తీసుకోవాలని నాకు గట్టిగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నంద్యాల వేరే జిల్లా. డీడులో కర్నూలు జిల్లా వాస్తవ్యులని ఉంది. 1978 నాటి జిల్లా అని వాదించవచ్చు, లాయరుగారు కూడా అది బలమైన వాదనే అన్నారు. కానీ కొత్త బోర్డు మొదటి తీర్మానంలోనే ఒక కన్నం ఎందుకు వదలాలి? ఆవిడే ఫోనులో, "నన్ను సలహాదారుగా ఉంచండి, ట్రస్టీగా వద్దు. ఇల్లు ముఖ్యం" అన్నారు.

ఇంకో పేరు మీద గట్టి వాదనే జరిగింది. ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చారు. ఖర్చు కొంత తానే పెట్టుకుంటానన్నారు. రోడ్డు వైపు ప్రహరీ తీసి నాలుగు షాపులు కట్టి అద్దెకు ఇస్తే ట్రస్టుకు శాశ్వతంగా ఆదాయం ఉంటుందన్నది ఆయన ఆలోచన. చెడ్డ ఉద్దేశం కాదు. హెడ్మాస్టరుగారు కూడా మొదట మొగ్గారు. నేను ఒప్పుకోలేదు. అరుగులు, ప్రహరీ పోతే అది మంత్రిగారి నివాసంగా ఎలా కనిపిస్తుంది? వెనుక ఒక పాత ఇల్లున్న షాపింగ్ కాంప్లెక్సు అవుతుంది. రూపం మార్చకూడదన్న షరతు డీడులో లేకపోతే ఆ వాదనలో నేను గెలిచేదాన్ని కాదేమో. దాత రాసిన ఆ ఒక్క వాక్యానికి ఆ రోజు చేతులెత్తి మొక్కాను.

పద్దెనిమిదో తేదీ పొద్దున వాచ్‌మన్ తాత ముందు హాలు కడిగి ముగ్గు కూడా వేశాడు. కన్నం కింద బల్ల వేయలేక ఒక మూలకు జరిపాం. ఇంజనీరుగారు కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. హాల్లోకి రాగానే కూర్చోకుండా తల ఎత్తి కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. "దంతె చివర గోడలో ఎంత దూరం కూర్చుందో చూశారా?" అని మమ్మల్ని అడిగారు. ఎవరికీ తెలియదు. చేతికర్రతో గోడ మీద ఒక చోట తట్టి చూపించి, "ఇక్కడ తూము ఉండాలి. మూసుకుపోయి ఉంటుంది. నీళ్లు పోయే దారి లేక గోడలోకి దిగుతున్నాయి" అన్నారు. సమావేశం మొదలుకాకముందే మా ఇంటి రోగం ఏమిటో తేలిపోయింది.

నాలుగు ఖాళీలు నింపారు. అందులో నేనొకదాన్ని, కార్యదర్శిగా. మిగతావాళ్లు ఒక ఆడిటరు, ఒక సివిల్ ఇంజనీరు, దాత కుటుంబం నుంచి ఒక అమ్మాయి. ఎవరు లేకపోయినా ఆగకుండా ఉండాలని చెక్కుల మీద ముగ్గురిలో ఏ ఇద్దరి సంతకమైనా చెల్లేలా తీర్మానం చేశాం. ఏ ఖాళీ వచ్చినా మూడు నెలల్లో నింపాలని ఇంకొకటి. ప్రతి తీర్మానం గట్టిగా చదివి, ప్రతి పేజీ కింద అందరూ సంతకం చేశారు. పెద్దాయన చెయ్యి వణుకుతోంది, ఒక్కో సంతకానికి నిమిషం పట్టింది. అయినా తొందరపడమని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం ఉగ్గాని బజ్జీ తిని, డాక్టరమ్మ బీపీ చూశాక బయలుదేరారు. ఆయన ఆ సంవత్సరం నవంబరులో పోయారు.

ఇక్కడితో కష్టం తీరిందనుకున్నాం. వారం తర్వాత మా కొత్త ట్రస్టీ ఆడిటరుగారు ఒక కబురు చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్రలేదు. ఆదాయపు పన్ను చట్టం కింద పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ రిజిస్ట్రేషన్ ఉన్న పాత ట్రస్టులన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఫారం 10ఏ వేసి మళ్లీ నమోదు కావాలి. చివరి గడువు ఎన్నోసార్లు పొడిగించి 2023 సెప్టెంబరు 30న ముగించారు. మా ట్రస్టు వేయలేదు, ఎవరున్నారు కనుక వేయడానికి? వేయకపోతే పన్ను మినహాయింపు పోవడంతో ఆగదు. 2023 నుంచి వచ్చిన సవరణ ప్రకారం అలాంటి ట్రస్టు ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి మిగిలిన దాని మీద గరిష్ఠ రేటున పన్ను వేయవచ్చు. ఊరి నడిబొడ్డున ఉన్న ఇల్లు. దాని మార్కెట్ విలువలో మూడో వంతుకు మించి అడిగితే ఇల్లు అమ్మడం తప్ప దారి లేదు. అమ్మకూడదని డీడు.

రెండు నెలలు ఆ భయంతోనే గడిచాయి. అక్కకు చెప్పలేదు. 2024 ఏప్రిల్ 25న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) సర్క్యులర్ వచ్చింది. గడువు జూన్ 30 వరకు పొడిగించారు. ఆడిటరుగారు ఫోను చేసి, "అమ్మా, ఊపిరి పీల్చుకోండి. రేపటి నుంచి మాత్రం నిద్రపోకండి" అన్నారు.

నిజంగానే నిద్ర లేదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ట్రస్టు ఖాతాకు అధ్యక్షుడి పాత ఫోను నంబరే ఉంది. ఆ నంబరు ఎప్పుడో వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఓటీపీ వాళ్లకు పోతోంది. ఒకసారి ఆ నంబరుకు ఫోను చేసి సంగతి చెప్పబోతే మోసగాళ్లమనుకుని పెట్టేశారు, వాళ్లను తప్పుపట్టలేం. చివరికి లెటర్‌హెడ్ మీద అభ్యర్థన, తీర్మానం నకలు, ట్రస్టు పాన్, నా పాన్ జతచేసి హెల్ప్‌డెస్క్‌కు పంపాం. లోపలికి వెళ్లేసరికి జూన్ రెండో వారం. ఇంకో సమస్య, పాత 12ఏ ఉత్తర్వు నకలు. అది కూడా వరదలోనే పోయింది. 1990లలో ట్రస్టు లెక్కలు చూసిన ఆడిటరుగారి అబ్బాయి తండ్రి ఫైళ్లు పారేయకుండా అటక మీద పెట్టాడు. అందులో దొరికింది. చీడ తిన్న అంచులతో, నంబరు మాత్రం స్పష్టంగా.

ఫారంలో ఒక చోట ట్రస్టు ఉద్దేశం ఏమిటో ఎంచుకోవాలి. చాలామంది సాధారణ ప్రజోపయోగం అన్నదానికి గుర్తు పెడతారు. ఆడిటరుగారు అక్కడ చెయ్యి ఆపారు. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 2(15) సెక్షనులో చారిత్రక, కళాత్మక ప్రాధాన్యం ఉన్న కట్టడాలను, స్థలాలను కాపాడటం అన్నది విడిగానే ఉంది. సాధారణ ప్రజోపయోగం కింద వెళ్తే వ్యాపార స్వభావం ఉన్న రాబడి మొత్తం రాబడిలో ఇరవై శాతం దాటకూడదు. కట్టడాల పరిరక్షణకు ఆ పరిమితి లేదు. మేము ముందు హాలును పుస్తకావిష్కరణలకు, చిన్న సభలకు అద్దెకు ఇచ్చేవాళ్లం. ఏ గుర్తు పెడుతున్నామో ఆలోచించకపోతే రేపు ఆ అద్దే మెడకు చుట్టుకుంటుంది. జూన్ 24న ఫారం వేశాం. 12ఏకు ఒకటి, విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను తగ్గింపు వచ్చే 80జీకి ఇంకొకటి. జులై మూడో వారంలో ఫారం 10ఏసీ, అంటే నమోదు ఉత్తర్వు, వచ్చింది. రిజిస్ట్రేషన్ 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరం వరకు, అంటే 2026 మార్చి 31 దాకా. ప్రింటు తీసి అక్క చేతికిచ్చాను. అప్పుడు చెప్పాను ఆ రెండు నెలల సంగతి.

బ్యాంకు పని దాని ముందు తేలిక. డీడు కాపీ, తీర్మానాలు, మరణ ధ్రువీకరణ పత్రాలు, రాజీనామా లేఖ, ఏడుగురి కేవైసీ. ఇంజనీరుగారి ఆధార్‌లో బెంగళూరు చిరునామా ఉందని ఒక వారం ఆపారు. డీడులో నివాసం షరతు కొత్తగా చేరేవారికే అని చూపించాక ఒప్పుకున్నారు. ఖాతాను మళ్లీ నడిపించడానికి రుసుము అడగలేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అదే, మీ దగ్గర ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి. ఆగస్టు చివర కొత్త చెక్కుబుక్కు వచ్చింది. మొదటి చెక్కు అక్కకు రాశాం. బిస్కెట్ డబ్బా లెక్క లక్షా పద్దెనిమిది వేలయింది. తీసుకోనంది. తీర్మానం చేసి ఇస్తున్నాం, తీసుకోకపోతే లెక్క తేలదని గట్టిగా చెప్పాక తీసుకుంది. అందులో యాభై వేలు మర్నాడే విరాళంగా చెక్కు ఇచ్చింది. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే 80జీ వర్తించదని మేం చెప్పకముందే ఆవిడకు తెలుసు.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టింది వెనుక వాటా విషయం. దాత మనవడి వరస ఒకాయన చాలా ఏళ్లుగా అక్కడ అద్దె లేకుండా ఉంటున్నారు. ట్రస్టు ఆస్తిని దాతకు, ట్రస్టీలకు, వాళ్ల బంధువులకు తగిన అద్దె లేకుండా వాడుకోనిస్తే అప్పటి చట్టం 13వ సెక్షను కింద ఆ మేరకు పన్ను మినహాయింపు పోతుంది. చెప్పవలసింది నేను. "అన్నా, నిన్ను వెళ్లిపొమ్మనడం లేదు, అద్దె కట్టమంటున్నాం" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మా తాత ఇంట్లో నేను అద్దెకుండాలా అమ్మా?" అన్నారు. డీడు తెచ్చి ఆయన ముందు పెట్టాను. తాత సంతకం చూసి కళ్లు తుడుచుకున్నారు. నెల రోజులు మాతో మాటల్లేవు. తర్వాత ఆయనే వచ్చి, చుట్టుపక్కల అద్దెలు విచారించి తగిన మొత్తం రాసుకొచ్చారు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు ద్వారా కడుతున్నారు. ఆ చర్చల్లో ఆయన బంధువైన కొత్త ట్రస్టీ పాల్గొనలేదు. పాల్గొనలేదని మినిట్స్‌లో రాశాం.

మిద్దె పని 2025 జనవరిలో మొదలైంది. ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగితే ఇద్దరు మిద్దె దింపేసి సిమెంటు స్లాబు వేద్దామన్నారు. అదే తక్కువ ఖర్చని ఒకరు, అదే గట్టిదని ఒకరు. కొత్త ట్రస్టీ సివిల్ ఇంజనీరు ఒప్పుకోలేదు. సున్నం గోడల మీద అంత బరువు పెడితే పగుళ్లు తప్పవన్నారు. బేతంచెర్ల వైపు నుంచి సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికాడు. అరవై దాటిన మనిషి. సున్నం వారాలపాటు నానబెట్టాడు. కరక్కాయలు, బెల్లం నానిన నీళ్లు కలిపి గానుగ పట్టాడు. ఆ వాసన వీధి చివరి దాకా వచ్చేది. ఇంజనీరుగారు కర్రతో తట్టిన చోటే గోడ తవ్వితే తూము బయటపడింది. లోపల రావి వేరు అల్లుకుపోయి ఉంది. పాడైన ఐదు దంతెలు మార్చాం, నాపరాళ్లు చాలావరకు పాతవే తిరిగి పరిచాం. మొత్తం ఏడు లక్షల నలభై వేలయింది. ఏప్రిల్ చివరికి పూర్తయింది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన రాత్రి నేనూ వాచ్‌మన్ తాతా టార్చి పట్టుకుని హాలంతా తిరిగాం. ఎక్కడా చుక్క లేదు.

అప్పటికి రెన్యువల్ గడువు దగ్గరపడింది. రిజిస్ట్రేషన్ ముగియడానికి ఆరు నెలల ముందే ఫారం 10ఏబీ వేయాలన్నది అప్పటి నియమం. మాకది 2025 సెప్టెంబరు 30. ఒక వారం ముందే వేశాం. రెండేళ్లుగా ఏటా ఐదు కోట్లలోపు ఆదాయం ఉన్న ట్రస్టులకు ఈ రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఇచ్చేలా 2025 బడ్జెట్‌లో మార్చారు. మాలాంటి చిన్న ట్రస్టులకు ఇది పెద్ద ఊరట. 80జీకి మాత్రం ఐదేళ్లే. మిద్దె పని బిల్లులు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, అద్దె ఒప్పందం, మూడేళ్ల లెక్కలు అన్నీ స్కాన్ చేసి ఉంచుకున్నాం, ఎప్పుడు అడిగినా ఇవ్వడానికి. ఉత్తర్వుకు గడువు 2026 మార్చి 31.

ఇంజనీరుగారి ఖాళీని 2025 జనవరిలోనే నింపాం. ఆయన మనవరాలు అడిగింది కానీ ఆమెది బెంగళూరు నివాసం. ఆ స్థానంలో ఇక్కడి స్కూలు టీచరు ఒకామె వచ్చారు. నలభై ఒక్క ఏళ్లు. మొదటి సమావేశంలోనే అరుగుల మీద పిల్లలను కూర్చోబెట్టి ఆ మూడేళ్ల రాజధాని కథ చెప్పాలని ప్రతిపాదించారు, వెంటనే ఒప్పుకున్నాం. వెనుక వరండా కప్పు ఇంకా మిగిలి ఉంది. మేస్త్రి సంక్రాంతి వెళ్లాక వస్తానన్నాడు, సున్నం మాత్రం ఇప్పుడే తెప్పించి పెట్టమన్నాడు.